19800 సెకన్లు

"మా లాగ్స్‌లో ఆ టైమ్‌కి ఎర్రర్లేమీ లేవండీ. మీ వైపు నెట్‌వర్క్ ఒకసారి చూసుకోండి."

ఈ రెండు వాక్యాలూ నేను చదివి, సరే పంపించెయ్ అన్నాకే వెళ్ళాయి. గాజువాక వైపు ఉన్న ఒక కంటైనర్ యార్డు వాళ్ళు, ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి మేం నడిపే గేట్ పాస్ అప్లికేషన్ ఆగిపోయిందని టికెట్ (ఫిర్యాదు) పెట్టారు. మా టీములో కుర్రాడు స్ప్లంక్ (లాగ్స్, అంటే ప్రోగ్రాములు తమ పని గురించి రాసుకునే చిట్టాలు, వెతికే సాఫ్ట్‌వేర్) తెరిచి రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా వెతికాడు. ఎర్రర్ ఒక్కటంటే ఒక్కటి లేదు. లారీల ఎంట్రీలు నిదానంగా ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి. నేనూ పక్కన నిలబడి చూశాను. కళ్ళారా చూశాక ఇంకేముంటుంది, జవాబు రాసేశాం, టికెట్ మూసేశాం.

యార్డు వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. మేం చెప్పిందే తప్పు. పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, అయినా ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అది ఎలా జరిగిందో పూర్తిగా రాసి పెట్టాలనే ఈ పోస్టు.

ఈ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నేను రుషికొండ మీద ఒక ఆఫీసులో స్ప్లంక్ అడ్మిన్‌ని. ప్రతి సర్వర్‌లోనూ ఫార్వర్డర్ అనే చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, అక్కడి లాగ్ ఫైల్లో కొత్త లైను పడగానే దాన్ని ఇండెక్సర్‌కి పంపుతుంది. సాధారణంగా 9997 పోర్టు మీద. ఇండెక్సర్ ఆ లైన్లని విడివిడి ఈవెంట్లుగా కోసి, ప్రతిదానిలో తేదీ, టైమ్ ఎక్కడున్నాయో పట్టుకుని, బకెట్లు అనే ఫోల్డర్లలో దాస్తుంది. మనం వెతికేది సెర్చ్ హెడ్‌లో. గుహల్లో దూరి తిరగడాన్ని ఇంగ్లీషులో స్పెలంకింగ్ అంటారు, స్ప్లంక్ అన్న పేరు అక్కణ్ణించే వచ్చింది. బొర్రా గుహల్లో లైట్లు ఆర్పేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈవెంట్‌కి టైమ్ తప్పుగా పడితే అలాగే ఉంటుంది. డేటా అంతా అక్కడే ఉంటుంది, మన చేతికి మాత్రం తగలదు.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం రాత్రి గేట్ పాస్ అప్లికేషన్‌ని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చారు. సోమవారం పొద్దున గ్రాఫ్‌లో ఐదారు గంటలు ఖాళీగా కనిపించింది. "రాత్రి మైగ్రేషన్ కదా" అనుకుని అందరం వదిలేశాం. మారుస్తుండగా సర్వర్ ఆపింది ఎంతసేపని ఎవరమూ అడగలేదు. తర్వాత తెలిసింది, ముప్పావు గంటే.

తర్వాతి వారం మొదలైంది అసలు గొడవ. మంగళవారం తెల్లవారుజామున 2:40కి ఆన్‌కాల్ ఫోన్ మోగింది. గేట్ పాస్ సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్లు దొరకడం లేదని అలర్ట్. మా కుర్రాడు లేచి, లాగిన్ అయి చూస్తే అప్లికేషన్ శుభ్రంగా నడుస్తోంది. బుధవారం మళ్ళీ అంతే, 2:50కి. గురువారం 2:40కి. ఆ పొద్దున కళ్ళు ఎర్రగా చేసుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇది ఉత్త అలర్టే. మూడు రోజుల్నించీ లేస్తున్నాను, ఏమీ ఉండట్లేదు. రాత్రిపూట ఆపేద్దామా?"

నేను వద్దన్నాను. ఉత్త అలర్ట్ అంటే ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. మూడు రాత్రులూ ఇంచుమించు ఒకే వేళకి వచ్చిందంటే దాని వెనక ఏదో ఒకటి ఉండి తీరాలి. అలర్ట్‌ని ఆపే ముందు అది ఎందుకు మోగిందో చెప్పగలగాలి, చెప్పలేకపోతే ఆపే హక్కు మనకి లేదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

స్ప్లంక్ ఆరోగ్యం ఎలా ఉందో చూపించే మానిటరింగ్ కన్సోల్ తెరిచాం. అంతా పచ్చగా ఉంది. ఇండెక్సర్‌లో క్యూలు ఎక్కడా మూసుకుపోలేదు. డిస్క్ బోలెడు ఉంది (ఖాళీ 5000 ఎంబీ కన్నా తగ్గితే స్ప్లంక్ తనంతట తానే రాయడం ఆపేస్తుంది, మేం దాని దరిదాపుల్లో లేం). లైసెన్స్ వాడకం మామూలే. టైమ్ అర్థంకానప్పుడు స్ప్లంక్ తన సొంత లాగ్‌లో డేట్‌పార్సర్‌వెర్బోస్ పేరుతో హెచ్చరిక రాసుకుంటుంది. అదీ లేదు. ఎందుకుంటుంది? దానికి టైమ్ బ్రహ్మాండంగా అర్థమైంది మరి, తప్పుగా అర్థమైంది, అంతే.

నాకు తేడా కొట్టింది గ్రాఫ్ దగ్గర. గడిచిన 24 గంటల లారీ ఎంట్రీలు గంటగంటకీ బార్లుగా పెట్టి చూశాను. అన్నిటికన్నా ఎత్తైన బార్ రాత్రి రెండింటి దగ్గరుంది. ఆ యార్డుకి చీకటి పడ్డాక లారీలు బారులు కడతాయి, అది ఎన్నో నెలలుగా చూస్తున్న ఆకారం. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఉండాల్సిన శిఖరం రెండింటికి ఎందుకు జరిగింది? రాత్రి రెండింటికి అన్ని లారీలు ఎక్కణ్ణించి వస్తాయి?

పట్టిక మూసేసి, ఆ మూడు రాత్రుల ఎర్రర్లలో మొదటిదాన్ని ముడి లైనుగా తెరిచాను. ఎడమ పక్కన స్ప్లంక్ వేసిన టైమ్: 2:35:12. దాని పక్కనే, లైను మొదట్లో, అప్లికేషన్ తన చేత్తో తాను రాసుకున్న టైమ్: 21:05:12. మధ్యలో వేలెడు దూరం. మేమంతా లారీ నంబరు, గేటు నంబరు, స్టేటస్ అంటూ పట్టికలే చూస్తూ కూర్చున్నాం కాబట్టి ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఎవరి కంటా పడలేదు.

స్ప్లంక్ ప్రతి ఈవెంట్‌కీ రెండు టైములు దాస్తుంది. సంఘటన జరిగిన టైమ్ ఒకటి, అది ఇండెక్స్‌లో చేరిన టైమ్ ఇంకోటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎంత ఆలస్యంగా చేరిందో తెలుస్తుంది. మామూలుగా అది రెండో మూడో సెకన్లు. సెర్చ్‌లో చివరి గడువుని రేపటిదాకా జరిపి, ఆ తీసివేత వేయించాను. తెర మీద వరసగా దిగాయి: -19798. -19797. -19798. -19796.

రెండు మూడు సెకన్లు దారి ప్రయాణం. మిగతా 19800 సెకన్లు అంటే అయిదున్నర గంటలు. ఈ దేశంలో సర్వర్లు చూసే వాళ్ళెవరికైనా ఆ అంకె కనిపిస్తే కాలుక్యులేటర్ అక్కర్లేదు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన యూటీసీ (ప్రపంచమంతటికీ ఆధారమైన ప్రామాణిక సమయం) కన్నా 5:30 ముందుంటుంది. విశాఖ దానికీ ఇంకాస్త తూర్పున, 83.3 దగ్గర ఉంది. అంటే సూర్యుడి లెక్కలో మనం గడియారం కన్నా మూడు నిమిషాలు ముందే. తెల్లారగట్ల బీచ్ రోడ్డులో నడిచేవాళ్ళకి ఈ మాట నచ్చుతుందని రాశాను.

ఏమైందంటే, పాత సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ మన టైమ్‌లో ఉండేది. కొత్తది యూటీసీలో వచ్చింది. అప్లికేషన్‌ని మాత్రం పాత సెట్టింగులతోనే ఎక్కించారు కాబట్టి, అది లాగ్‌లో మన టైమే రాస్తోంది. కానీ పక్కన +05:30 అని రాయడం లేదు. లైన్లోనే టైమ్ జోన్ రాసి ఉంటే స్ప్లంక్ దాన్నే నమ్ముతుంది. లేకపోతే ప్రాప్స్ అనే సెట్టింగుల ఫైల్లో టీజెడ్ (టైమ్ జోన్) ఏం పెట్టామో చూస్తుంది. అదీ లేకపోతే ఫార్వర్డర్ ఉన్న మెషీన్ జోన్ ఏదో అదే అనుకుంటుంది. మాకు మొదటిది లేదు, రెండోది లేదు. ఇన్నేళ్ళూ మూడోదాని మీదే బండి నడిచింది. మెషీన్ మారగానే రాత్రి 9:05 కాస్తా యూటీసీ 21:05 అయిపోయింది. మన లెక్కలో మర్నాడు తెల్లవారుజామున 2:35. భవిష్యత్తు కదా, స్ప్లంక్ అడ్డుకోదా అంటే అడ్డుకోదు. మామూలుగా రెండు రోజులు ముందు వరకూ ఉన్న టైమ్‌ని అది మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది.

మా అలర్టేమో ఐదు నిమిషాలకోసారి గడిచిన పావుగంట చూస్తుంది. రాత్రి 9:05 నాటి ఎర్రర్లు ఆ పావుగంటలోకి వచ్చేసరికి 2:35 దాటేది. అంటే మా కుర్రాణ్ణి మూడు రాత్రులు లేపిన అలర్ట్ నూటికి నూరుపాళ్ళూ నిజం, అయిదున్నర గంటలు ఆలస్యం, అంతే. మంగళవారం పొద్దున యార్డు టికెట్ కోసం మేం "రాత్రి తొమ్మిది" అని చూసింది మధ్యాహ్నం మూడున్నర నాటి డేటా. అందుకే లారీలు అంత నిదానంగా వెళ్తూ కనిపించాయి. ఒకే వైఫల్యం గురించి ఇద్దరు చెప్పారు, యార్డు ఒకసారి, అలర్ట్ ఒకసారి. ఇద్దర్నీ మేం నమ్మలేదు.

సరిచేయడం పెద్ద పని కాదు, కానీ అక్కడా ఒక అరగంట పోయింది. మా కుర్రాడు టీజెడ్ = ఏషియా/కోల్‌కతా అని ప్రాప్స్ ఫైల్లో రాసి ఫార్వర్డర్‌లో పెట్టాడు. యూనివర్సల్ ఫార్వర్డర్ ఇలాంటి మామూలు లాగ్స్‌లో టైమ్ వెతకదు. ఆ పని ఇండెక్సర్‌ది, కాబట్టి సెట్టింగ్ అక్కడుండాలి. పెట్టాక బీటూల్ కమాండ్‌ని డీబగ్‌తో నడిపితే ఏ సెట్టింగ్ ఏ ఫైల్లోంచి వస్తోందో చూపిస్తుంది. అది డిస్క్ మీదున్నది మాత్రమే చూపిస్తుందనీ, నడుస్తున్న ప్రాసెస్‌కి రీస్టార్ట్ చేస్తేగానీ తెలియదనీ గుర్తుంచుకోవాలి. ఇండెక్సర్లని ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేసేసరికి 11:30 అయింది.

ఆ తర్వాత గ్రాఫ్ ఒక్కసారిగా రెట్టింపు అయింది. కుర్రాడు కంగారుపడ్డాడు. నిజానికి అది అలాగే ఉండాలి. పొద్దున ఆరు నుంచి పదకొండున్నర దాకా జరిగినవి 11:30 నుంచి సాయంత్రం ఐదు వరకూ అన్న ముద్రతో ఇండెక్స్‌లో ముందే కూర్చున్నాయి. వాటి మీదే ఇప్పుడు అసలు టైమ్‌తో కొత్తవి వచ్చి పడుతున్నాయి. సాయంత్రం ఐదు దాకా ఆ అలర్ట్ లెక్కల్ని ఎవరూ నమ్మొద్దని టీమ్ గ్రూపులో పెట్టాను. సరిగ్గా ఐదింటికి గ్రాఫ్ దిగి మామూలైంది. మధ్యాహ్నమే డెవలపర్లతో కూర్చుని, అప్లికేషన్ తన టైమ్ పక్కన +05:30 అని తానే రాసేలా మార్పించాం. అసలు మందు అది. కొత్త సర్వర్‌లో కనెక్షన్ల పరిమితి తక్కువగా ఉండిపోయిందని తేలింది, అది పెంచాక రాత్రి రద్దీలో ఆగడం పోయింది.

శనివారం నేనే యార్డుకి వెళ్ళాను. ఫోన్లో సారీ చెప్పడం నాకు సరిపోలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ క్యాబిన్‌లో పెద్దాయన ఉన్నారు. సంగతి చెప్పగానే సొరుగులోంచి పొడవాటి రిజిస్టర్ తీశారు.

"రాత్రి తొమ్మిదింటికే పడిపోనాదమ్మా మీ కంప్యూటరు. డ్రైవర్లందరూ ఒకటే కేకలు. ఇదుగో, సేత్తో రాసినాను, సూడు."

"నిజమే బాబాయ్. మేమే సరిగ్గా చూడలేదు" అన్నాను.

స్కేలుతో గీసిన గళ్ళు. లారీ నంబరు, డ్రైవరు పేరు, లోపలికి, బయటికి. సోమవారం పేజీ మధ్యలో నీలం సిరాతో "9-05 సిస్టం లేదు" అని రాసి, కింద రెండు గీతలు. ఆ కింద వరసగా లారీలు, ప్రతిదానికీ నిమిషంతో సహా టైమ్. చెయ్యి చెమటకి కాబోలు కొన్నిచోట్ల సిరా అలికింది. రొయ్యల కంటైనర్లున్న వరసకి పక్కన చిన్న గుర్తు పెట్టుకున్నారు, వాటికి కరెంటు తగిలించాలి కాబట్టి ముందు వాటినే పంపించారట. "10-10 వచ్చింది" అన్న దగ్గర ముగిసింది. గంటకు పైగా ఆ మనిషి ఒక్క చేత్తో మా అప్లికేషన్ చేయాల్సిన పని చేశారు. మర్నాడు పొద్దున మేం వాళ్ళకి నెట్‌వర్క్ చూసుకోమని రాశాం.

నా ఫోన్లో సోమవారం ఎర్రర్లు తెరిచి, 19800 తీసేసి, రిజిస్టర్ పక్కన పెట్టాను. మొదటి ఎర్రర్ 9:05:12. చివరిది 10:09. ఆయన గడియారం మా సర్వర్‌తో నిమిషం తేడా లేదు.

ఇప్పుడు గంటకోసారి ప్రతి సర్వర్‌కీ ఆ తీసివేత నడుస్తుంది. నిమిషం ముందుకి పోయినా, ఐదు నిమిషాలు వెనకబడినా నాకు మెయిల్ వస్తుంది. ఎక్కడైనా లాగ్స్ రావడం ఆగిపోయినా అంతే. "మా లాగ్స్‌లో లేదు" అని బయటికి జవాబు వెళ్ళాలంటే, ముడి లైను ఒకటి టికెట్‌లో అతికించాలని నియమం పెట్టాం.

ఆ పదకొండు రోజుల డేటా మాత్రం అలాగే ఉంది. ఒకసారి ఇండెక్స్‌లో పడిన టైమ్‌ని తర్వాత దిద్దడం కుదరదు. ఆ తేదీలకి సెర్చ్‌లో 19800 తీసేసే చిన్న మాక్రో (ముందే రాసి పెట్టుకున్న సెర్చ్ ముక్క) రాసి, డ్యాష్‌బోర్డ్ పైన ఎర్ర అక్షరాలతో గమనిక పెట్టాను. మా ఇండెక్స్‌లో డేటా ఏడాది ఉంటుంది. అప్పటిదాకా ఆ గమనిక కూడా ఉంటుంది. మూసేసిన టికెట్‌ని మళ్ళీ తెరిచి, మేం రాసిన జవాబు తప్పని కింద రాశాను. బాబాయ్‌ని అడిగి తీసుకున్న రిజిస్టర్ పేజీల ఫొటోలు మూడూ దానికే జతచేశాను.