గోరువెచ్చని అభిషేకం

మ్రింగెడి వాడు విభుండని
మ్రింగెడిదియు గరళ మనియు మేలని ప్రజకున్
మ్రింగు మనె సర్వమంగళ
మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!

మంగళసూత్రం మహిమ అని ఒక్క మాటలో తేల్చేసి ఈ పద్యం దాటిపోతుంటాం. నేనూ అంతే, నాన్నకి కీమో మొదలయ్యేదాకా.

పోతనగారు ‘గరళ మనియు’ అని విడిగా ఎందుకన్నారు? అమ్మవారికి తెలుసు. మింగేవాడు తన భర్త, మింగేది విషం. తెలిసే మింగమంది. ఆ మాట అనేముందు ఆ తల్లికి నోరు తడారిపోలేదంటారా? ‘ఎంత నమ్మినదో’ అని ఆశ్చర్యపోయి ఊరుకున్నారు గాని, ఎంతో ఆయనా చెప్పలేదు. ఆస్పత్రిలో వాంతులు, నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం అన్నీ చదివి వినిపించాక మా అమ్మ సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది.

నాన్నది పెద్దపేగు క్యాన్సర్. ఎక్కించే మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఒకటి. అది ఎక్కాక కొన్నాళ్ళు చల్లదనం పడదు. చన్నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళలో సూదులు, గుటక వేస్తే గొంతు పట్టేసి ఊపిరాడనట్టు ఉంటుంది. కడుపులో లోకాలున్నాయని శివుడు విషాన్ని కంఠంలోనే ఆపాడని, అది నీలమైందని పాడుకున్నాం. ఆ కంఠంతో తర్వాత గుటక ఎలా వేశాడో ఎన్నడైనా అడిగామా?

ఇలాంటి మనిషిని, కార్తీకం కదా, తెల్లవారుజామున గోదావరిలో ఒక్క మునక వేయించండి, పాపం పోతుంది అంటుంది మా మేనత్త. ఏం పాపం అత్తయ్యా? ఇంకొకరు సోమవారం ఉపవాసం ఉండమన్నారు. ఆయనకి రెండు ముద్దలు దిగడమే గగనం! దయచేసి జలుబుతో చూడ్డానికి రాకండి. ప్రసాదమని నోట్లో కుక్కకండి. కీమోలో ఉన్నవాళ్ళకి జ్వరం 100.4 డిగ్రీలు తగిలిందంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. విభూతి పెట్టండి, కారెక్కాక పెట్టండి.

మొన్న సోమవారం, నాలుగో విడత అయిన మూడో రోజు, అభిషేకం చేస్తానని నాన్న పట్టుబట్టారు. అమ్మ నీళ్ళు గోరువెచ్చగా కాచి రాగి చెంబులో పోసి ఇచ్చింది.

“శివుడికి వేణ్ణీళ్ళేమిటే?”

“పోయండి. ఆయన గొంతుకీ హాయిగా ఉంటుంది.”