పువ్వు రంగు రాయడం మర్చిపోయాను

ఆదివారం. పొద్దుట్నుంచీ బెంగళూరులో సన్నటి తుంపర. మేడ మీద ఆరెయ్యాల్సిన పేపర్లన్నీ హాల్లోనే పరిచి, ఫ్యానుకి ఎగరకుండా చెప్పులు పెట్టాను. ఓనరాంటీ గుమ్మంలో ఆగి, "ఏమ్మా, పాత పేపర్ల వ్యాపారం మొదలుపెట్టినావా?" అంది.

మొక్కల నమూనాలు సేకరించుకుని శేషాచలం కొండల నుంచి వచ్చి మూడు రోజులైంది. మొక్కల్ని పేపర్ల మధ్య పెట్టి ప్రెస్సులో (అదిమి ఆరబెట్టే చట్రం) బిగిస్తే సరిపోదు. మొదట్లో రోజూ పేపరు మార్చకపోతే బూజు పట్టి ఆకు నల్లబడుతుంది. కొండ మీద రెండ్రోజులు వాన వదల్లేదు. ఇక చేసేది లేక కట్టల్ని పాలిథిన్ కవర్లో పెట్టి, స్పిరిట్ పోసి మూతి బిగించాం. తిరుగు ప్రయాణంలో ఆ వాసనకి బస్సులో పక్కావిడ నన్ను తాగుబోతునే అనుకుని ఉంటుంది. అంతకుముందు చెక్‌పోస్టులో ఇంకో అనుమానం: గోనెసంచీ చూసి "ఎర్రచందనమా?" అన్నారు. విప్పితే ఆకులు. అనుమతి కాగితం రెండుసార్లు చదివి వదిలారు.

పేరిత అనే మొక్కని మాత్రం ముట్టుకోలేదు, ఫొటోలే. సైకస్ బెడ్డోమీ అని 1883లో శాస్త్రీయ నామం పెట్టిన ఆ మొక్క ఈ కొండల చుట్టుపక్కల తప్ప అడవిలో ఇంకెక్కడా పెరగదు. కార్చిచ్చుకి మొదలంతా బొగ్గై ఉంది, నెత్తిన మాత్రం లేతాకులు గొడుగులా విచ్చుకున్నాయి.

ఇవాళ 47వ నంబరు నమూనా విప్పాను. వాగు గట్టున దొరికిన తీగ. స్పిరిట్ రంగంతా పీల్చేస్తుంది, అంతా గోధుమరంగే. అందుకే పువ్వు రంగు అక్కడే, పెన్సిల్‌తో రాసుకోవాలి (పెన్నైతే సిరా కరిగిపోతుంది). నోట్‌బుక్కు తీస్తే "పువ్వు:" అని ఉంది. తర్వాత ఖాళీ. ఆ రోజు సరిగ్గా అది రాస్తుండగానే, దారి చూపించిన యానాది పెద్దాయన "వాగొస్తాదమ్మా, లెయ్!" అని అరిచాడు. పరుగో పరుగు.

నన్ను నేనే తిట్టుకుంటూ ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. నాలుగోసారికి సిగ్నల్ దొరికింది.

"గట్టు మీద తీగేనా? తెల్లపువ్వు."

"మల్లెపువ్వు మాదిరా?"

"అంత తెలుపు కాదమ్మా. మజ్జిగ మాదిరి."

"మజ్జిగ తెలుపు, దారి చూపినాయన చెప్పింది" అని రాసుకున్నాను. నా కళ్ళతో చూసి రాసింది కాదుగా.

కాయ లేకుండా ఆ తీగ పేరు తేల్చడం నా వల్ల కాదు.

"కాయలెప్పుడు కాస్తుంది పెదనాయనా?"

"సంక్రాంతి పోయినాక రా. ఈసారి గొడుగు తెచ్చుకో."