కిటికీ పక్క సీటు

ముందే చెప్పేస్తున్నా, నాకు గ్రూప్-2 ఉద్యోగం రాలేదు. ర్యాంకు కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. టాపర్ల టైమ్‌టేబుల్ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. 2024లో తెలంగాణలో టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీనా, ప్రభుత్వ ఆఫీసు ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2నా అని తేల్చుకోలేక నేను పడ్డ అవస్థ ఇది. ప్రతి నిర్ణయానికీ మోకాళ్ళూని, లేచాక కూడా అదే అయోమయంలో ఉండే నాలాంటి విశ్వాసులకు పనికొస్తుందేమోనని రాస్తున్నా.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. బీఈడీ అయ్యాక మహబూబ్‌నగర్‌లో రూమ్ తీసుకున్నా. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబర్, ఆ తర్వాత 2024 జనవరి. చివరికి ఆగస్టు 7, 8 అని కొత్త తేదీలు ఇచ్చారు. ఇంతలో ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో డీఎస్సీ పడింది, దాని పరీక్ష జూలైలో. గ్రూప్-2 అంటే నాలుగు పేపర్లు, 600 మార్కులు. డీఎస్సీ అంటే మళ్ళీ మెథడాలజీ, అంటే బోధనా పద్ధతుల పుస్తకాల దుమ్ము దులపాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని అందరూ చెప్పేవాళ్ళే. ఏ పడవ ఎక్కాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

బైబిల్లో యాకోబు పత్రిక 1:5 నాకు చిన్నప్పుడు సండే స్కూల్‌లోనే కంఠతా వచ్చు. జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన గద్దించకుండా ఇస్తాడు. నేనూ అడిగాను. రోజూ రాత్రి పది నిమిషాలు అడిగి, తర్వాత గంటన్నర యూట్యూబ్‌లో "డీఎస్సీ బెటరా, గ్రూప్-2 బెటరా" వీడియోలు చూసేవాణ్ణి. దేవుడు ఎప్పుడు మాట్లాడాలో మరి, నేను ఖాళీ ఇస్తే కదా.

ఓపిక అయిపోయి ఒక గుర్తు పెట్టుకున్నా. నేను చదువుకునే రీడింగ్ రూమ్‌లో కిటికీ పక్కన ఒక సీటుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. "ప్రభువా, రేపు నేను పోయేసరికి ఆ సీటు ఖాళీగా ఉంటే గ్రూప్-2, లేకపోతే డీఎస్సీ" అన్నాను. మర్నాడు పది గంటలకు పోతే సీటు ఖాళీ! ఒళ్ళు జలదరించింది. కూర్చున్నాక తెలిసింది, పైన ఫ్యాన్ తిరగట్లేదు. ఏప్రిల్ నెల, పాలమూరు ఎండ. అక్కడ ఎవడు కూర్చుంటాడు?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్దకు చెప్పాను. రిటైరైన లెక్కల సారు. కడుపుబ్బ నవ్వి, "ముందురోజు సాయంత్రం మెకానిక్ వచ్చి ఫ్యాన్ బాగుచేసిపోతే దేవుని చిత్తం మారేదా బిడ్డా?" అన్నారు. బైబిల్లో గిద్యోను కూడా దేవుని మాట తేల్చుకోవడానికి గొర్రెబొచ్చును గుర్తుగా పెట్టలేదా సార్ అని వాదించాను. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు ముందే చెప్పిండు, అది తెలియక పెట్టింది కాదు, నమ్మకం చాలక పెట్టింది, న్యాయాధిపతులు ఆరో అధ్యాయం మళ్ళీ చదువు అన్నారు. చదివాను. నిజమే.

తర్వాత ఆయన చెప్పిన, పర్షియా రాజు కొలువులో ఉన్న నెహెమ్యా సంగతే నన్ను మార్చింది. యెరూషలేము గోడ కూలిందని కిస్లేవు నెలలో విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు "నీకేం కావాలి" అని అడిగింది నీసానులో, అంటే నాలుగు నెలలకు. అప్పుడు తడుముకోలేదు. మనసులోనే ఒక్క చిన్న ప్రార్థన చేసుకొని, ఎన్నాళ్ళు పడుతుందో, ఏ అధికారులకు లేఖలు కావాలో, దూలాలకు మాను ఎవరివ్వాలో గడగడా చెప్పేశాడు. "ఆ నాలుగు నెలలు కళ్ళు మూసుకునే ఉన్నడనుకుంటున్నవా? లెక్క కూడా కట్టిండు" అన్నారు సారు.

నాతో నోట్‌బుక్‌లో గీతలు కొట్టించారు. ఒక వైపు డీఎస్సీ, ఒక వైపు గ్రూప్-2, మూడో గడిలో "తెల్వది". మా జిల్లాలో నా సబ్జెక్టుకు, నా కేటగిరీకి ఉన్న పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. డీఎస్సీలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులకు ఇచ్చే వెయిటేజీ 20 మార్కుల్లో నాకొచ్చేది తక్కువే. గ్రూప్-2కు ఏడాదిన్నర నోట్స్ ఉంది. అమ్మను అడిగితే ఒకటే మాట: "జీతం ఏది తొందరగా వస్తది?" అది "తెల్వది" గడిలోకి పోయింది. ఆ రోజునుంచి నేను ప్రార్థించింది ఆ మూడో గడి గురించే. రెండో వారంలో డీఎస్సీ పుస్తకాలు అటక మీద పెట్టేశాను.

మధ్యలో ఒకడు "పేపర్ దొరుకుతది, కొంచెం డబ్బు సర్దు" అని మెసేజ్ పెట్టాడు. ఇలాంటిదానికి ప్రార్థన చేసి తెలుసుకునేదేం లేదు. బ్లాక్ చేశాను, అంతే.

తర్వాత జరిగింది మీకూ తెలుసు. గ్రూప్-2 ఆగస్టు నుంచి డిసెంబర్‌కు పోయింది. డీఎస్సీ ఫలితాలు సెప్టెంబర్ 30న వచ్చాయి, అక్టోబర్‌లో నియామక పత్రాలు ఇచ్చారు. డీఎస్సీలో పోస్టు వచ్చిన నా రూమ్మేట్ స్వీట్ బాక్స్ తెచ్చాడు. రెండు తిన్నాను. ఆ రాత్రి ప్రార్థన చేయలేదు. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది, నేను వదిలేసిన వైపు నుంచి.

నాలుగైదు రోజుల తర్వాత ఆ నోట్‌బుక్ పేజీ తీసి చూశాను. ఏప్రిల్‌లో రాసిన లెక్క తప్పేం కాదు. వాయిదా పడుతుందని అప్పుడు నాకు తెలియదు, తెలిసే దారీ లేదు. యాకోబు రాసింది జ్ఞానం ఇస్తాడని. రేపేం జరుగుతుందో ముందే చెప్తాడని రాయలేదు, అది నేను కలుపుకున్నది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఎకానమీ పేపర్ మొత్తం రివిజన్ చేసినంత కాలం పట్టింది.

డిసెంబర్ 15 ఆదివారం. పది గంటలకు మొదటి పేపర్, మూడింటికి రెండోది. ఆరాధనకు పోలేనని గిల్టీగా ఉంటే, సారు పొద్దున్నే ఆరింటికి రూమ్‌కే వచ్చి ప్రార్థన చేసి, టిఫిన్ తినిపించి పంపారు. హాల్లో ఒక్క ప్రశ్నకు కూడా జవాబు పైనుంచి రాలేదు. చదివినవి వచ్చాయి, చదవనివి రాలేదు.

ఇప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తూ మళ్ళీ చదువుతున్నా. కొత్త పేజీలో మళ్ళీ మూడు గడులు గీశాను. "తెల్వది" గడి ఈసారి పెద్దదైంది. సాయంత్రాలు రీడింగ్ రూమ్‌కు పోతున్నా. కిటికీ పక్కన ఫ్యాన్ బాగుచేశారు. ఐదింటికల్లా పోతే తప్ప ఆ సీటు దొరకట్లేదు.