ఒకే కంచం, ఒకే మంచం: వ్యాలీ ఫోర్జ్ గుడిసెల్లో

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సేనాని జార్జి వాషింగ్టన్ కింద పనిచేసిన సిపాయికి అందరికంటే దగ్గరివాడు తనతో ఒకే డేగిసాలో వండుకు తినేవాడే. సుమారు ఆరుగురిని ఒక మెస్‌గా వేసి, వాళ్లందరికీ కలిపి ఒక రేకు డేగిసా ఇచ్చేవారు. లెక్క ప్రకారం మనిషికి రోజుకు పౌండు మాంసం, పౌండు పిండి. అది కాగితం మీద మాటే. మాంసం అందని రోజున పిండిలో నీళ్లు కలిపి వేడి రాతి మీద కాల్చుకునేవారు. దాన్ని ఫైర్ కేక్ అన్నారు గానీ, పులియని పిండి ఏం పొంగుతుంది?

1777 డిసెంబర్ 19న పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్‌లో సైన్యం చలికాలపు శిబిరం వేశాక గుడిసెలు ఎవరివి వాళ్లే కట్టుకోవాలి. కొలతలు వాషింగ్టనే ఇచ్చాడు: 16 అడుగుల పొడవు, 14 వెడల్పు, ఆరున్నర అడుగుల గోడ, 12 మంది. మనిషికి 19 చదరపు అడుగులు కూడా రావు. దుంగల మధ్య సందుల్లో బంకమట్టి మెత్తాలి. పొయ్యి కూడా చెక్కదే కాబట్టి లోపల 18 అంగుళాల మందాన మట్టి పూయాలి. చెక్క పలకలు దొరక్క కప్పు దగ్గరే పని ఆగింది. వేరే ఉపాయం చెప్పినవారికి 100 డాలర్లు ఇస్తామన్నారు. కొందరు నేల తవ్వి గుడిసె లోతుగా దించారు, లోపల చెమ్మ చేరింది. పచ్చి కట్టెల పొగ సరేసరి.

డిసెంబర్ 23న వాషింగ్టన్ అమెరికా ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌కు రాసిన ఉత్తరంలో, చెప్పుల్లేక, బట్టల్లేక డ్యూటీకి పనికిరానివారు 2,898 మంది అని ఉంది. కాపలా వంతు వచ్చినవాడికి తోటివాళ్లు తమ కోటో, బూట్లో తొడిగి పంపేవారు. ఆ మంచితనంతోనే పేలు కూడా ఒంటి నుంచి ఒంటికి పాకాయి. టైఫస్ అనే విషజ్వరాన్ని మోసేది ఒంటి పేలేనని అప్పటి వైద్యులకు తెలియదు. శిబిరం ఎత్తేలోగా జబ్బులతో దాదాపు 2,000 మంది పోయారు. చలే చంపిందని చాలామంది అనుకుంటారు గానీ, మూడింట రెండు వంతుల చావులు మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనివి.

గాలి శుద్ధికని గుడిసెలో రోజూ ఒక తూటాలోని తుపాకి మందు కాల్చమన్నారు. పేలకు దాంతో పనేముంది? మేలో మాత్రం గోడల మట్టి రాల్చి గాలి ఆడనివ్వమన్నారు. అది మంచి ఆదేశమే. బట్టలు ఉడకబెడితే ఇంకా మేలు జరిగేది. కానీ ఒంటి మీది చొక్కా తప్ప ఇంకోటి లేనివాడు దాన్ని విప్పి ఏం కట్టుకుంటాడు?