సున్నా కిలోల వరుసలు

పొద్దున్నుంచి కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. సముద్రంలో చేప ఎంత ఉందో అంచనా వేయడానికి వెళ్లిన సర్వే నౌక పంపిన అంకెలన్నీ ఒకే పట్టికలోకి చేరాయి, వాటిని సరిచూడాలి. తీరం నుంచి దాదాపు 200 మీటర్ల లోతు దాకా పరుచుకున్న ఖండతీరపు అంచును లోతును బట్టి పట్టీలుగా విడగొడతాం. ఒక్కో పట్టీలో లాటరీ పద్ధతిలో కొన్ని చోట్లు ఎంచి, అక్కడ వల దించి లాగుతారు. ప్రతిసారీ అదే వల, అదే వేగం, అదే అరగంట. చేపలున్నాయని వెళ్లరు, లేవని మానుకోరు. అందుకే పట్టికలో చాలా వరుసల్లో బరువు దగ్గర సున్నా.

కొత్తగా చేరిన అమ్మాయి పట్టిక చూసి, "మేడం, ఈ సున్నా వరుసలు తీసేయమంటారా? సగటు మరీ పడిపోతోంది" అంది. తీసేస్తే సగటు పెరుగుతుంది గానీ సముద్రంలో చేప పెరగదు కదా! పక్కన కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాను. వల నోరు 20 మీటర్లు తెరుచుకుంటుందనుకుందాం. గంటకు 3 నాటికల్ మైళ్ల వేగంతో అరగంట లాగితే 2.8 కిలోమీటర్ల దూరం. అంటే అడుగున ఐదున్నర హెక్టార్ల నేల ఊడ్చినట్టు. అందులో 100 కిలోలు పడితే హెక్టారుకు 18 కిలోలు. అలా వచ్చినవాటి సగటును ఆ పట్టీ మొత్తం వైశాల్యంతో గుణిస్తాం. చేప పడని చోటు కూడా ఆ వైశాల్యంలోదే. దాని సున్నాను కొట్టేస్తే, ఖాళీ నేల మీద కూడా మనమే చేపల్ని పోసినట్టు.

అర్థమైంది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: "మరి వల ముందున్న చేపలన్నీ వల్లో పడతాయా?" ఈ అమ్మాయి పనికొస్తుంది అనుకున్నాను. పడవు. కొన్ని వల కింది అంచు కిందుగా జారిపోతాయి, కొన్ని పైకి లేస్తాయి, చిన్నవి వల కళ్లలోంచి బయటపడతాయి. చాలా జాతులు రాత్రిళ్లు అడుగు వదిలి పైకి వస్తాయి. అందుకే ఆ టన్నుల లెక్కను ఉన్నదున్నట్టుగా నమ్మం, ఏడాదికీ ఏడాదికీ పోల్చుకోవడానికి వాడతాం. పాత నౌక స్థానంలో కొత్తది వస్తే రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కనే నడిపి, రెండింటి వలలూ పట్టిన చేపల్ని పోల్చి చూసేది ఇందుకే. డీజిల్ దండగ అని ఖాతాల విభాగం ప్రతిసారీ గొణుగుతుంది. గొణగనీ.

మధ్యాహ్నం పడవల యజమానుల తరఫున ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "పోయినేడు గంటకు ఎంత పడిందో ఈ ఏడూ అంతే పడుతోందమ్మా. మీ సర్వే వాళ్లకే ఎందుకు పడదు?" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. వేటకు వెళ్లేవాళ్లు చేపలున్న చోటికే వెళతారు. పైగా చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి అంతటా పలచబడకుండా తమకు అనువైన నాలుగు చోట్లకే చేరి గుంపులు కడతాయి, శబ్ద తరంగాలతో నీటి కింద వెతికే సోనార్ ఆ గుంపుల్ని ఇట్టే పట్టిస్తుంది. గుంపు మీద వేసిన వల చివరిదాకా నిండుతూనే ఉంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపకు జరిగింది ఇదే. 1980లలో పెద్ద మరపడవలకు గంటకు పడే చేప భేషుగ్గా కనిపించింది, పరిశోధన సర్వే మాత్రం అంత ఆశ చూపలేదు. రెంటినీ కలిపి లెక్కగట్టిన అంచనాలు వాస్తవం కంటే చాలా ఎక్కువగా తేలాయి. 1992 జులైలో వేట నిషేధించారు, 30 వేల మంది దాకా బతుకుదెరువు పోయింది. ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024లో. ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల్లో వేటాడేవాళ్లు చేప తగ్గుతోందని ముందే మొత్తుకున్నారన్నది కూడా మరవకూడదు. అందుకే పెద్దాయనతో వాదించలేదు. పడవలు ఏయే చోట్ల వేటాడాయో ఆ వివరాలు పంపమని అడిగాను. వేట జరిగిన ప్రాంతం కుంచించుకుపోతుంటే అందులోనే తెలుస్తుంది. పంపుతానన్నారు, చూడాలి.

తర్వాత చెవిరాళ్లు. చేప లోపలి చెవిలో ఉండే ఈ సున్నపు రాయిని పలచగా కోసి, నూనె చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే తెలుపు వలయం, మసక వలయం ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. రెండూ కలిస్తే ఒక ఏడాది. మధ్యలో వలయాలు ఎడంగా ఉంటాయి. ముసలి చేపల్లో అంచుకు వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి ఇరుక్కుపోతాయి. ఇద్దరం విడివిడిగా చదువుతాం, చేప పొడవు ఎంతో ఇద్దరికీ చెప్పరు. తెలిస్తే కన్ను ఆ పొడవుకు తగ్గ వయసునే వెతుక్కుంటుంది. ఒక రాయి దగ్గర నాకు ఎనిమిది, సహోద్యోగికి తొమ్మిది. ఎంతసేపు చూసినా ఎవరి లెక్క వారిదే. పక్కన పెట్టేశాం.

వెచ్చని సముద్రాల్లో ఈ వలయాలు ఇంత స్పష్టంగా పడవు. అక్కడ వందల చేపల పొడవులు కొలిచి, ఏ పొడవువి ఎక్కువగా ఉన్నాయో నెలనెలా గమనిస్తూ ఎదుగుదలను అంచనా కడతారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 1890లలో వేసిన దారి అది.

సాయంత్రం, ఈ సమాచారమంతా కలిపి చేప మొత్తం ఎంతో లెక్కగట్టే కంప్యూటర్ నమూనా నడిపాను. సహజ మరణాల రేటు దగ్గర ఎప్పటిలాగే 0.2 పెట్టాను, అంటే వేట లేకపోయినా ఏడాదికి వందలో 18 చేపలు పోతాయని (చేపలు తగ్గేకొద్దీ చావులూ తగ్గుతాయి కాబట్టి 20 కాదు). వేటకు చిక్కకుండా చచ్చే చేపను చూసేదెవరు? ఆ 0.2లో సగానికి సగం అలవాటే. అందుకని 0.15తో, 0.3తో కూడా నడిపాను. చివరి ఏళ్లను ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ లెక్కించి చూస్తే, అప్పట్లో ఎంత ఉందనుకున్నామో తర్వాతి ఏళ్ల సమాచారం చేరగానే అది ప్రతిసారీ కిందికే దిగుతోంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి అయితే సర్దుకోవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు జరుగుతోందంటే ఈ ఏడాది అంకె కూడా ఎక్కువే చూపిస్తోందని అనుమానించాలి.

పై అధికారికి ఒక్క అంకె కావాలట, సమావేశంలో చదవడానికి. మూడు అంకెలు పంపాను, ఆ దిగుడు గీతల బొమ్మను మొదటి పేజీలోనే పెట్టి.