ఏడవని అన్నయ్య

శనివారం రాత్రి

పొద్దున్న ఆరింటి బస్సుకి అన్నయ్యని, వదినని తీసుకుని పర్లాకిమిడి నుంచి బరంపురం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఒళ్ళు హూనమైంది. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

బాబాయి పోయి మూడు నెలలు. అప్పట్నుంచి ఇంట్లో అందరి కళ్ళూ పిన్ని మీదే. పిన్ని ఏడుస్తుంది మరి. నిన్న మునగాకు దూస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే, బాబాయి ఓసారి మునగచెట్టెక్కి కొమ్మతో సహా కిందపడ్డ సంగతి చెప్పి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ కళ్ళు తుడుచుకుని ఆకు దూసింది. ఏడుపొస్తుంది, పోతుంది, మధ్యలో మా పిన్ని మాకు దొరుకుతుంది.

అన్నయ్య దొరకడం లేదు. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చుంటున్నాడు. పొద్దున్న మరీ ముభావం, సాయంత్రానికి కాస్త నయం. టీ ఇస్తే మీగడ కట్టేదాకా గ్లాసు అలాగే పట్టుకుంటాడు. నడుం నొప్పంటే ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. పిల్లల మీద విసుక్కుంటే వ్యాపారం టెన్షన్ అనుకున్నాం. కంట నీటిచుక్క లేదు కాబట్టి డిప్రెషన్ అన్న మాటే తట్టలేదు. నాకూ తట్టలేదు, అదే బాధ.

డాక్టరమ్మ ఒడియాలో "మన దుఃఖ లాగుచ్చి కి?" అని, అంటే మనసు దుఃఖంగా ఉందా అని అడిగారు. లేదన్నాడు. నిజమే చెప్పాడు. అన్నయ్యకి దుఃఖంగా లేదు, అసలు ఏమీగా లేదు. ఇదివరకు ఇష్టంగా చేసినవి ఇప్పుడు చెయ్యాలనిపిస్తోందా అని అడిగితే మాత్రం చాలాసేపు కిటికీ వైపు చూసి, "ఏదీ రుచించడం లేదండీ" అన్నాడు, తెలుగులో. రెండు వారాలకు పైగా రోజూ ఇలాగే ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలట. థైరాయిడ్ తగ్గినా ఇలా ఉంటుందని రక్తపరీక్ష రాశారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు. లేదన్నాడు. అయినా ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యమని, మనసు బాగోనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చారు.

తర్వాతి ప్రశ్నకి వదిన నా చెయ్యి పట్టుకుంది. నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, అతి హుషారుగా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన రోజులేమైనా ఉన్నాయా? ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట పది రోజులు రాత్రీ పగలూ కబుర్లే, అప్పుచేసి రెండు ఆటోలు కొన్నాడు. దశ తిరిగిందని మేం సంబరపడ్డాం కూడా. అలాంటిది ఉంటే బైపోలార్ కావచ్చట, అంటే కొన్నాళ్ళు అతి హుషారు, కొన్నాళ్ళు డిప్రెషన్ వచ్చే జబ్బు. దానికి మందులే వేరు. ఉత్త డిప్రెషన్ మందు ఇస్తే మళ్ళీ ఆ హుషారులోకి వెళ్ళిపోయే ప్రమాదం ఉందట. వదిన అప్పటి సంగతంతా గబగబా చెప్పేసింది. చెప్పకపోయి ఉంటే? బస్సులో దారి పొడుగునా నాకదే ఆలోచన.

ఎన్నింటికి పడుకున్నాడో, ఎన్నింటికి లేచాడో రోజూ రాయమన్నారు. వదిన పిల్లాడి లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో గడులు గీసింది. తొమ్మిదిన్నరకి అన్నయ్య పడుకున్నాడు. మొదటి గడిలో వేసి, పెన్ను అక్కడే పెట్టింది, తెల్లవారుజాముకి.