కుక్కకు కడుపు పాడైతే మొదటి మూడు రోజులు

కుక్కకు లూజ్ మోషన్స్ అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పెరుగన్నం. రోజూ తినే కుక్కకైతే ఉప్పూ పోపూ లేకుండా రెండు చెంచాల పెరుగు వేస్తే నష్టం లేదు. అలవాటు లేనిదానికి మాత్రం ఆ రోజే మొదలుపెట్టకండి. పెద్దయిన కుక్కల్లో పాలచక్కెరను అరిగించే ఎంజైము తక్కువ. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనం ఇంకా పలచబడుతుంది. పాలు అసలే వద్దు.

ఇంట్లో చూసుకోవచ్చా లేదా అన్నది కుక్క హుషారును బట్టి తేల్చుకోవాలి. ఒకటి రెండు వాంతులో, నాలుగైదు పలచటి విరేచనాలో అయినా పిలిస్తే తోకాడిస్తూ వచ్చే ఎదిగిన కుక్కకు ఒకరోజు ఆగి చూడొచ్చు. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. చిగురు తడిగా జారాలి, వేలికి బంకగా తగిలితే ఒంట్లో నీరు తగ్గినట్టే. మెడ వెనక చర్మం లాగి చూసే పద్ధతి కూడా ఉంది కానీ, ముసలి కుక్కల్లో, బక్కచిక్కిన వాటిలో ఆ చర్మం ఎలాగూ నెమ్మదిగానే కిందికి దిగుతుంది. చిగురే నమ్మదగ్గ గుర్తు. డిజిటల్ థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటితే డాక్టరు దగ్గరికే.

వాంతుల్లో ఎక్కువమంది పొరపాటు పడేది నీళ్ల దగ్గర. దాహంతో ఉన్న కుక్క గిన్నెడు నీళ్లు ఒక్కసారిగా తాగేస్తుంది, మంటెక్కి ఉన్న పొట్ట సాగగానే అంతా బయటికి తోసేస్తుంది. వాంతి అయ్యాక గంటసేపు గిన్నె తీసేయండి. తర్వాత పది కిలోల కుక్కకు రెండు మూడు పెద్ద చెంచాల చొప్పున అరగంటకోసారి పెట్టండి. ఐసుముక్క నాకించినా సరే. నాలుగు విడతలు నిలిస్తే గిన్నె మళ్లీ పెట్టొచ్చు. ఆ చెంచాడు నీళ్లు కూడా కక్కేస్తుంటే ఇక ఇంటివైద్యం ఆపేయాలి, దానికి సెలైన్ అవసరం.

వాంతులుంటే 6 నుంచి 12 గంటలు తిండి ఆపితే చాలు. మోషన్స్ మాత్రమే అయితే పస్తు అక్కర్లేదు. పేగు లోపలి పొర తన ఆహారంలో చాలా భాగం లోపలికొచ్చిన తిండి నుంచే తీసుకుంటుంది, ఎండబెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. కుక్కపిల్లలనూ, పొమెరేనియన్ లాంటి చిన్న జాతులనూ పస్తు పెట్టకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది.

తిండి ఇలా: తెల్లన్నం నీళ్లు ఎక్కువ పోసి, వేళ్లతో మెదిపితే చిదిమిపోయేంత మెత్తగా ఉడికించండి. తోలు, ఎముక తీసిన చికెన్ బ్రెస్టును వట్టి నీళ్లలో ఉడికించి సన్నగా చీల్చండి. రెండు వంతులు అన్నం, ఒక వంతు చికెన్. చికెన్ ఉడికిన నీళ్లు చల్లార్చి, పైన తేలిన కొవ్వు తీసేశాకే కలపాలి. ఉప్పు, నూనె, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కూరలో ముక్కను కడిగి పెట్టడమూ పనికిరాదు, ఆ రసం ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. మాంసం వండని ఇంట్లో ఉడికించిన గుడ్డు తెల్లసొన వాడొచ్చు.

పది కిలోల కుక్కకు ఈ కలిపిన అన్నం రోజుకు దాదాపు 300 గ్రాములు, పాతిక కిలోల ల్యాబ్రడార్‌కు 550 గ్రాములు. దాన్ని నాలుగైదు సార్లుగా పెట్టండి. ఆకలిగా చూస్తోందని జాలిపడి ఒకేసారి పెడితే మళ్లీ మొదటికొస్తుంది. తొక్క తీసి ఉడికించి మెదిపిన ఎర్ర గుమ్మడికాయ, చిన్న కుక్కకు ఒక టీ చెంచా, పెద్దదానికి ఒకటి రెండు పెద్ద చెంచాలు కలిపితే అందులోని పీచు విరేచనాన్ని గట్టిపరుస్తుంది.

చాలా ఇళ్లలో మూడోరోజు బెడిసికొడుతుంది. విరేచనం గట్టిపడిందని పాత డ్రై ఫుడ్ గిన్నె నిండా పోసేస్తారు. విరేచనం గట్టిపడ్డ దగ్గర్నుంచి లెక్కేసి, మామూలు తిండిని మొదటిరోజు పావువంతు, రెండోరోజు సగం, మూడోరోజు ముప్పావువంతు కలుపుతూ నాలుగోరోజుకు పూర్తిగా మార్చండి. అలాగని చికెనన్నం మీదే వారాల తరబడి ఉంచకండి, అందులో కాల్షియం లాంటివి చాలవు.

మన మందుల డబ్బా జోలికి వెళ్లొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు కుక్క పొట్టలో పుండ్లు పుట్టించి కిడ్నీలను దెబ్బతీస్తాయి. మోషన్స్ ఆపే లోపెరమైడ్ కోలీ జాతుల మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిపోయిన యాంటిబయాటిక్ కూడా ఇవ్వకండి. మామూలు మోషన్స్ అది లేకుండానే తగ్గుతాయి, పైగా అది పేగులోని మంచి బాక్టీరియాను చంపుతుంది.

పొద్దున్నే పసుపు నురగ మాత్రమే కక్కి, తర్వాత హాయిగా తిరిగే కుక్కలో తరచు కారణం రాత్రంతా ఖాళీగా ఉన్న పొట్ట. పడుకునే ముందు గుప్పెడు తిండి పెట్టి చూడండి.

ఇక ఆగకూడనివి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, కంపుకొట్టే నెత్తుటి విరేచనాలు మొదలైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అనుకునే బయల్దేరాలి, గంటలు లెక్కే. వేసవిలో మామిడి టెంక మింగిన కుక్క తిన్నదల్లా కక్కుతుంటే అది పేగులో అడ్డుపడి ఉండొచ్చు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ కుక్క ఏమీ రాకుండా ఓకరిస్తూ, పొట్ట ఉబ్బితే పొట్ట మెలిపడిందేమోనని ఆ నిమిషమే కదలాలి. తారులా నల్లటి విరేచనం అంటే పైన పొట్టలోనో చిన్నపేగులోనో నెత్తురు కారుతోందని. కాస్త జిగట, ఒక ఎర్రటి చార ఉంటే పెద్దపేగు మంట, అది అంత భయపెట్టేది కాదు, కానీ రెండోరోజుకీ తగ్గకపోతే చూపించాలి.

వెళ్లేటప్పుడు తాజా విరేచనం చెంచాడు మూత ఉన్న చిన్న డబ్బాలో వేసి, రెండు గంటల్లోపు అందేలా పట్టుకెళ్లండి. ఎన్నిసార్లు వాంతి అయింది, చివరిసారి ఏం తింది, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు అన్నవి కాగితం మీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేవి అవే.